ల్యాప్రోస్కోపీ అయిన నెలకి బొడ్డు దగ్గర చీము: పప్పు తిన్నందుకేనా?

కావలి_ఆడపడుచు
మా అమ్మకి 58 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. పిత్తాశయంలో రాళ్లున్నాయని నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. మూడో రోజు ఇంటికి పంపారు, పదో రోజు కుట్లు తీశారు. గాయాలన్నీ శుభ్రంగా మానిపోయాయి. హమ్మయ్య అనుకుంటే ఇరవై ఆరో రోజు బొడ్డు పక్కన శనగగింజంత గడ్డ లేచింది. జ్వరం లేదు, నొప్పీ పెద్దగా లేదు. రెండు రోజులకి అది చితికి నీళ్లలాంటి చీము కారడం మొదలైంది. చీర కుచ్చిళ్ల దగ్గర పసుప్పచ్చ మరక చూసి అమ్మ ముందు పులుసు ఒలికిందేమో అనుకుంది.

మళ్లీ అక్కడికే తీసుకెళ్లాం. శుభ్రం చేసి కట్టు కట్టి ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇంకో రకం మందు ఏడు రోజులు వాడాం. ఇప్పుడు రెండో రంధ్రం దగ్గర కూడా ఎర్రగా కందింది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "పప్పు పెట్టావు, చీము పట్టింది" అని. మా పెద్దమ్మ పప్పు, గుడ్డు, వంకాయ అన్నీ మాన్పించి రెండు వారాలుగా బీరకాయ కూర, మజ్జిగన్నం మీదే ఉంచింది. మనిషి సగమైపోయింది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

దర్శి_డ్రైవర్
ముందు పప్పు ఆపండి అక్కా. మా బావమరిది అపెండిక్స్ ఆపరేషన్ అయినాక పప్పు తిన్నాడు, కుట్లన్నీ చీము పట్టినయ్.

పొదిలి_మాస్టారు
తమ్ముడూ, కడుపులోకి పోయిన పప్పు జీర్ణమై రక్తంలో కలుస్తుంది. అది బొడ్డు పక్కన చీమై ఎట్టా బయటికొస్తుంది? గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. షుగర్ ఉన్న మనిషికి పప్పు, గుడ్డు ఆపి మజ్జిగన్నం పెడితే గాయం మానేది ఆలస్యమవుతుంది, షుగరూ పెరుగుతుంది. అమ్మా కావలీ, పెద్దమ్మగారికి కోపమొచ్చినా సరే, రేపట్నుంచి రోజుకో గుడ్డు పెట్టు.

రొయ్యలచెరువు
మా చెరువుల్లో రొయ్యలకి జబ్బొస్తే ముందు నీళ్లు చూస్తాం, తర్వాతే మేత. అమ్మగారి విషయంలో కూడా నాకెందుకో మేత కంటే నీళ్ల మీదే అనుమానం 😊

ఒంగోలు_స్టాఫ్‌నర్స్
రొయ్యలన్నా, మీరు నవ్వుతూ అన్నది నిజం అయ్యే అవకాశం ఎక్కువ. దాని గురించి తర్వాత చెప్తా. కావలి అక్కా, మూడు ప్రశ్నలు. ఇప్పటిదాకా చీము కల్చర్‌కి, అంటే ల్యాబులో క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి పంపారా? పంపితే మందులు మొదలుపెట్టక ముందా, తర్వాతా? రిపోర్టులో ఏముంది?

కావలి_ఆడపడుచు
మొదటిసారి పంపలేదు. రెండోసారి నేనే అడిగితే దూదిపుల్లతో తీసి పంపారు. రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. ఏ క్రిములూ పెరగలేదని ఉంది. అందుకే డాక్టరుగారు ఇన్ఫెక్షన్ కాదు, కుట్టు దారం పడలేదేమో అంటున్నారు.

సూక్ష్మదర్శిని
నేను ఒక ల్యాబులో మైక్రోబయాలజీ చూస్తాను. మీరు రాసిన ప్రతి లక్షణం ఒకే వైపు చూపిస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

మామూలు క్రిముల వల్ల ఆపరేషన్ గాయం చెడితే సాధారణంగా మొదటి వారం పది రోజుల్లోనే తెలిసిపోతుంది. ఎర్రబడటం, సలుపు, జ్వరం, చిక్కటి చీము. మీ అమ్మగారికి గాయం పూర్తిగా మానిపోయి, నాలుగో వారంలో నొప్పి లేని గడ్డ లేచింది. పలచటి చీము, రెండు రకాల మందులకు లొంగలేదు, ఒక రంధ్రం తర్వాత ఇంకోటి. ఇలా వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది టీబీ క్రిమికి దూరపు చుట్టాలైన మైకోబాక్టీరియాలని. అబ్‌సెసస్, కెలోనే, ఫార్ట్యుటమ్ అని వాటిలో రకాలున్నాయి. మట్టిలో, కుళాయి నీళ్లలో, మేడ మీద ట్యాంకుల్లో పట్టే పాకుడులో బతుకుతాయి. తాగితే మామూలు మనిషికి ఏమీ కాదు. చర్మం కింద కొవ్వులోకి పోతే మాత్రం నెమ్మదిగా గూడు కట్టుకుంటాయి.

"ఏమీ పెరగలేదు" అనే రిపోర్టు చూసి మోసపోవద్దు. మామూలు కల్చర్ ప్లేటుని రెండు రోజులు చూసి పారేస్తారు. ఈ క్రిములు కనిపించడానికి మూడు రోజుల నుంచి వారం పడుతుంది. పైగా కెలోనే 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 37 డిగ్రీల పెట్టెలో మాత్రమే పెడితే చేతికి చిక్కకపోవచ్చు. కాబట్టి ల్యాబుకి ఏం వెతకాలో చెప్పి పంపాలి: ఏఎఫ్‌బీ స్మియర్ (రంగు వేసి మైక్రోస్కోపులో చూసేది), మైకోబాక్టీరియా కల్చర్. దూదిపుల్ల వద్దు. సిరంజిలోకి లాగిన చీము గానీ, గాయం అంచు నుంచి చిన్న ముక్క గానీ కావాలి. ఆ ముక్కని సెలైన్‌లో వేసి పంపమనండి. అలవాటు కొద్దీ ఫార్మలిన్ సీసాలో వేస్తే క్రిములన్నీ అక్కడే చచ్చిపోతాయి, కల్చర్‌కి పనికిరాదు.

కందుకూరు_కుర్రోడు
అంటే ఆసుపత్రిలోనే అంటుకుందన్నట్టేగా? నెల దాటింది కదా, వాళ్లు ఒప్పుకుంటారా?

సూక్ష్మదర్శిని
లెక్క ప్రకారం చూస్తే, చేరిన 48 గంటల తర్వాత మొదలైన ఇన్ఫెక్షన్‌ని ఆసుపత్రి నుంచి వచ్చినదిగా చూస్తారు. ఆపరేషన్ గాయమైతే 30 రోజుల దాకా, లోపల ప్లేటో కృత్రిమ కీలో జాలీయో పెడితే 90 రోజుల దాకా గమనిస్తారు. వీళ్లది 26వ రోజు, కాబట్టి లెక్కలోకే వస్తుంది. ఇది ఏదో ఒక ఊరి సమస్య కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి వంద మందిలో ధనిక దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో పదిహేను మందికి ఏదో ఒక ఇన్ఫెక్షన్ అక్కడే అంటుకుంటోంది.

ఓటీ_పెద్దాయన
ముప్పై ఏళ్లు థియేటర్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఏ ఆసుపత్రో చెప్పను. రొయ్యల అబ్బాయి నీళ్లన్నాడు చూడండి, ఆ నీళ్లు ఎక్కడ కలుస్తాయో చెప్తా.

ల్యాప్రోస్కోపీ పనిముట్లు సన్నటి పొడుగాటి గొట్టాలు. చివర చిన్న దవడ, మధ్యలో కీలు, పైన కరెంటు తగలకుండా ప్లాస్టిక్ తొడుగు. ఆ కీలులో, ఆ తొడుగు కింద రక్తం, కొవ్వు ఇరుక్కుంటాయి. విడదీసి బ్రష్షుతో తోమకపోతే ఎంత మందులో ముంచినా లోపలికి ఎక్కదు. ఒకే సెట్టు పెట్టుకుని రోజుకి ఆరు కేసులు చేసే చోట విడదీసే టైము ఎక్కడుంటుంది? పైన పైన కడిగి సైడెక్స్ అనే క్రిములు చంపే ద్రావణం తొట్టిలో పడేస్తాం. ఇరవై నిమిషాలు ఉంచితే చాలా క్రిములు పోతాయి గానీ పూర్తి స్టెరిలైజేషన్ కావాలంటే పది గంటలు ఉంచాలి. అందులోనూ ఆ ద్రావణం కలిపాక పద్నాలుగు రోజులే పనిచేసేది ఎక్కువ వాడతారు. తొట్టి మీద తేదీ రాసి ఉండాలి. తేదీ లేని తొట్టిని నేను చాలా చూశాను.

అసలు తప్పు దాని తర్వాత జరుగుతుంది. సైడెక్స్ లోంచి తీసిన పనిముట్టుని కడగకుండా పొట్టలో పెట్టకూడదు, మందు ఒంటికి తగిలితే ప్రమాదం. కడగాల్సింది స్టెరైల్ నీళ్లతో. కడిగేది? పక్కన స్టీలు బకెట్లో పొద్దున కాచి చల్లార్చిన నీళ్లు. అవి అయిపోతే కుళాయి నీళ్లు. అంటే ఇరవై నిమిషాలు శుభ్రం చేసిన దాన్ని చివర్లో మళ్లీ ట్యాంకు నీళ్లలో ముంచి, నేరుగా బొడ్డులో గుచ్చుతున్నాం. నేనూ చేశాను. అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. తెలిసిన తర్వాత ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

దర్శి_డ్రైవర్
పెద్దాయనా, నిజం చెప్పినందుకు దండం. మా బావమరిది సంగతి ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

కందుకూరు_కుర్రోడు
మరి నెలకోసారి థియేటర్ మూసి పొగ పెడతారు కదా, దాంతో పోవా?

ఓటీ_పెద్దాయన
ఫార్మలిన్ పొగ గాల్లో ఉన్నదానికి. పనిముట్టు కీలులో ఇరుక్కున్న కొవ్వుకి పొగ ఏం చేస్తుంది బాబూ? ఇప్పుడు రొటీన్‌గా ఆ పొగే వద్దంటున్నారు, పీల్చేవాళ్లకి హాని. నేల, బల్లలు, లైట్లు మందు నీళ్లతో తుడవడం, గాలి ఫిల్టర్లు శుభ్రంగా ఉంచడం ముఖ్యం. పనిముట్లలో వేడి తట్టుకునేవాటిని ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి పెట్టెలో పెట్టాలి, 121 డిగ్రీలైతే పావుగంట నుంచి అరగంట, 134 అయితే మూడు నాలుగు నిమిషాలు. తట్టుకోని వాటికి ఈటీఓ గ్యాసు, ప్లాస్మా యంత్రాలు ఉన్నాయి. ఇంకో మాట. ఆటోక్లేవ్‌లో పెట్టే డ్రమ్ము మీద టేపు గీతలు నల్లబడ్డాయంటే డ్రమ్ముకి వేడి తగిలిందనే అర్థం. లోపల క్రిములు చచ్చాయా లేదా తెలియాలంటే తేలిగ్గా చావని క్రిములున్న స్పోరు పట్టీ పెట్టి చూడాలి.

ఉదయగిరి_చెక్కగరిటె
అంతా ఆసుపత్రి మీదే తోయొద్దు. షుగర్ ఉంది, ఇంట్లో కట్టు తడిసిందేమో, బోరు నీళ్లు పోసుకున్నారేమో. మా అన్న చిన్న నర్సింగ్‌హోమ్ నడుపుతాడు, చిన్న దానికీ జనం గొడవకొస్తే వాళ్లు ఎట్టా బతకాలి?

కావలి_ఆడపడుచు
కుట్లు తీసేదాకా ఒళ్లు తుడవడమే, స్నానం చేయించలేదన్నా. నేను గొడవ కోసం రాయలేదు. అమ్మ తగ్గితే చాలు.

ఒంగోలు_స్టాఫ్‌నర్స్
ఉదయగిరి అన్నా, షుగర్ వల్ల ముప్పు పెరిగే మాట నిజమే. కానీ ఒక్కరికి వస్తే షుగర్ అనుకోవచ్చు, అదే నెలలో అదే థియేటర్‌లో ఇంకో ఇద్దరికి వస్తే? అది తెలియాలంటే మొదటి కేసు కల్చర్‌కి వెళ్లాలి, ఆసుపత్రి రిజిస్టర్‌లో రాసుకోవాలి. దాచిపెడితే మీ అన్నగారికే తెలియకుండా తొట్టి అలాగే ఉండిపోతుంది. బ్రెజిల్‌లో 2004 నుంచి 2008 మధ్య ఇలాంటి క్రిమే ఊరూరా పాకింది, సైడెక్స్‌లాంటి ద్రావణానికి కూడా చావని రకం. కల్చర్లు పంపి పోల్చి చూశారు కాబట్టే బయటపడింది.

పొదిలి_మాస్టారు
పిల్లలకి ఈ పాఠం చెప్పేవాణ్ణి. 1847, వియన్నా. పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ పురుడు పోసేవారు, రెండోదాంట్లో మంత్రసానులు. చచ్చిపోయే బాలింతలు డాక్టర్ల వార్డులోనే ఎక్కువ. సెమ్మెల్వైస్ అనే డాక్టరు ఎందుకా అని తల బద్దలు కొట్టుకున్నాడు. ఆయన స్నేహితుడొకాయన శవపరీక్షలో కత్తి గీసుకుని, ఆ బాలింతలకొచ్చిన జబ్బు లాంటి దానితోనే పోయాడు. అప్పుడు వెలిగింది. శవాలు కోసిన చేతులతోనే పురుళ్లు పోస్తున్నారు! బ్లీచింగ్ లాంటి సున్నపు నీళ్లతో చేతులు కడగమని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో వందకి 18 మంది పోయే వార్డులో జూన్ కల్లా ఇద్దరికి తగ్గింది. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు, మా చేతులు మురికివా అని.

ఒంగోలు_స్టాఫ్‌నర్స్
మాస్టారూ, ఆ మాట ఇప్పటికీ వింటున్నాం. మా వైపు నుంచి కూడా ఒకటి చెప్పనివ్వండి. రాత్రి డ్యూటీలో నలభై పడకలకి ఇద్దరం. రోగిని ముట్టుకునే ముందు, ఇంజక్షన్ లాంటి శుభ్రమైన పని ముందు, రక్తం మూత్రం తగిలాక, రోగిని ముట్టుకున్నాక, మంచం సామాను ముట్టుకున్నాక, ఇలా ఐదు సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకోవాలి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, రబ్‌తో, అంటే చేతులకి రాసుకునే స్పిరిట్ మందుతో అయితే 20 నుంచి 30. కుళాయి వార్డు చివర ఉంటే ఎన్నిసార్లు నడవగలం? అందుకే మంచం మంచానికీ రబ్ సీసా పెట్టించండని పోరాడాను. పెట్టించాక మా వార్డులో సిస్టర్లకే కాదు, రౌండ్స్‌కొచ్చే పెద్ద డాక్టర్లకీ అలవాటైంది. చేతికి గ్లౌజు ఉంది కదా అని అదే గ్లౌజుతో నలుగుర్ని ముట్టుకునేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆ గ్లౌజు వాళ్లని కాపాడుతుంది, రోగిని కాదు.

మీరు మాకు చేసే సాయం: "సిస్టర్, రబ్ రాసుకుంటారా" అని అడగండి. తప్పుగా అనుకోం.

కొండపి_సుబ్బు
అడిగితే నాన్నకి సూది గట్టిగా గుచ్చుతారేమోనని భయపడేవాణ్ణి. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మూత్రానికి పైపు వేశారు. స్కానింగ్‌కి తీసుకెళ్తూ స్ట్రెచర్ తోసేవాళ్లు యూరిన్ బ్యాగు తీసి నాన్న కడుపు మీద పెట్టారు. గొట్టంలో పసుపు నీళ్లు వెనక్కి పోవడం నా కళ్లతో చూశా. ఏమనాలో తెలియక ఊరుకున్నా. నాలుగో రోజు చలిజ్వరం, మూత్రంలో చీము. పైపు పదకొండు రోజులు ఉంచారు. తీసేయమని అడగొచ్చని కూడా మాకు తెలియదు.

సూక్ష్మదర్శిని
సుబ్బు గారూ, రోజూ అడగాల్సిన ప్రశ్న అదే: "ఈ పైపు ఈరోజు కూడా అవసరమా?" ఉన్న ప్రతి రోజూ ముప్పు పెరుగుతుంది. బ్యాగు ఎప్పుడూ నడుముకి కింద ఉండాలి, నేలకి తగలకూడదు. పరీక్షకి మూత్రం బ్యాగులోంచి వంచి ఇస్తుంటారు, అది గంటల తరబడి నిలవ ఉన్నది. గొట్టం మీద ఉండే పోర్టుని స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. చేతికి పెట్టే క్యాన్లా సంగతీ అంతే, సెలైన్ అయిపోయినా "ఉండనీలే" అని వదిలేస్తారు.

రొయ్యలచెరువు
మా మామ వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు జ్వరం వస్తే రెండు చేతుల నుంచీ విడివిడిగా రక్తం తీసి రెండు కల్చర్లకి బిల్లు వేశారు. ఒకే మనిషి రక్తానికి రెండు బిల్లులా అని కౌంటర్ దగ్గర పెద్ద గొడవ చేశా. అది సరైనదేనా?

సూక్ష్మదర్శిని
సరైనదే. చర్మం మీద మామూలుగా ఉండే క్రిమి ఒక్క సీసాలోనే పెరిగితే, సూది గుచ్చేటప్పుడు కలిసిందేమో అనుకుంటాం. రెండు చోట్ల తీసిన రక్తంలోనూ అదే పెరిగితే నిజంగా రక్తంలో ఉన్నట్టు. మందు మొదటి డోసు ఎక్కకముందే తీయాలి. ఆ డాక్టరు పద్ధతిగా చేశారు. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచారా, నోరు శుభ్రం చేస్తున్నారా అన్నది కూడా ఇంటివాళ్లు చూడొచ్చు.

రొయ్యలచెరువు
తల ఎత్తే ఉంచారు. పాపం ఆ డాక్టర్ని అనవసరంగా అన్నా. ఈసారి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోట వైపు పోయినప్పుడు కలిసి చెప్పొస్తా.

దర్శి_డ్రైవర్
మన తప్పూ ఉంది. మా ఊరి నుంచి పరామర్శకని వ్యాన్ కట్టించుకుని పదకొండు మంది వస్తారు, రాకపోతే మాట వస్తుందని. అందరూ మంచం మీదే కూర్చుంటారు, ఆ మంచం మీదే క్యారియర్ విప్పుతారు. తోలుకొచ్చేది నేనే. ఇకనుంచి ఇద్దరేసి లోపలికి పోండి, చేతులు కడుక్కోండి అని వ్యాన్ దిగకముందే చెప్తా.

కావలి_ఆడపడుచు
ఆరు రోజుల తర్వాత వస్తున్నా. సూక్ష్మదర్శిని గారు రాసింది చీటీ మీద రాసుకుని డాక్టరుగారికి చూపించా. కాసేపు ముఖం చిట్లించినా, చదివి "మంచిది, పంపుదాం" అన్నారు. గాయం అంచు ముక్క సెలైన్‌లోనే వేశారు, నేను పక్కనే ఉండి చూశా. స్మియర్‌లో ఏఎఫ్‌బీ పాజిటివ్ వచ్చింది. అంతే, ఇంట్లో టీబీ టీబీ అని ఏడుపులు. పెద్దమ్మ అమ్మకి కంచం, గ్లాసు వేరు చేసింది. తెలిసిన ఒకాయన వెంటనే టీబీ మందులు మొదలుపెట్టమంటున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

సూక్ష్మదర్శిని
మొదలుపెట్టకండి. ఏఎఫ్‌బీ అంటే ఒక రకం రంగు పట్టి వదలని క్రిములు. ఆ రంగు ఆ కుటుంబం మొత్తానికి పడుతుంది. టీబీ క్రిమికీ పడుతుంది, నీళ్ల క్రిమికీ పడుతుంది. అదే ముక్కకి సీబీనాట్ చేయించండి, అది టీబీ అవునో కాదో కొద్ది గంటల్లో చెప్తుంది. నీళ్ల క్రిమి అయితే టీబీకి మామూలుగా ఇచ్చే మందులు పనిచేయవు, ఆరు నెలలు వృథా. ఇది మనిషి నుంచి మనిషికి ఇలా అంటుకోదు, కంచం గ్లాసు మళ్లీ కలిపేయండి.

పొదిలి_మాస్టారు
కంచం సంగతి ఇవాళే చెయ్యి తల్లీ. ఆ వయసులో కంచం వేరు చేస్తే మనిషి మనసు విరిగిపోతుంది.

కావలి_ఆడపడుచు
సీబీనాట్ నెగెటివ్! కల్చర్‌లో ఐదో రోజు పెరిగింది, కెలోనే అని రాశారు. ఏ మందుకు లొంగుతుందో కూడా పరీక్షించారు. క్లారిత్రోమైసిన్ మాత్రలు, మొదట కొన్ని వారాలు అమికాసిన్ ఇంజక్షన్లు. కనీసం నాలుగు నెలలన్నారు. మానకపోతే ఆ చెడిన కండ కోసి తీస్తారట.

ఇంకో సంగతి. డాక్టరుగారే ఫోన్ చేశారు. ఆ వారంలో ఆపరేషన్ అయిన వాళ్లందరికీ ఫోన్లు చేయిస్తే ఇంకొకాయనకి కూడా ఇలాగే గడ్డ ఉందట. ఆయన ఆయింట్‌మెంట్ రాసుకుంటూ కూర్చున్నాడు. థియేటర్‌లో కడిగే నీళ్లు పరీక్షకి పంపారు, రెండో సెట్టు పనిముట్లు కొంటున్నామన్నారు.

ఓటీ_పెద్దాయన
ఫోన్ చేశాడంటే ఆయన మంచి డాక్టరు. మా రోజుల్లో ఇలా ఒక్కరు చేసినా ఎంతమంది బాగుపడేవాళ్లో.

ఉదయగిరి_చెక్కగరిటె
నేను మొన్న కొంచెం కటువుగా రాశా, ఏమనుకోకు చెల్లీ. ఓటీ పెద్దాయన రాసిందంతా ప్రింటు తీసి మా అన్నకి పంపా. మూడు రోజులు పలకలేదు. నిన్న ఫోటో పెట్టాడు, తొట్టి మీద తేదీ రాసిన చీటీ, పక్కన స్టెరైల్ నీళ్ల సీసాలు.

ఒంగోలు_స్టాఫ్‌నర్స్
కావలి అక్కా, అమికాసిన్ మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), వినికిడి పరీక్ష చేయించారా? చెవిలో గుయ్‌మన్నా, మూత్రం తగ్గినా వెంటనే చెప్పండి. క్లారిత్రోమైసిన్ మాత్రలకి నోరంతా చేదుగా ఉంటుంది, అన్నం సహించదు. మధ్యలో మానేయకుండా చూసుకోండి.

కావలి_ఆడపడుచు
రెండూ చేయించాం సిస్టర్, బాగానే ఉన్నాయి. నోరు చేదుగా ఉందంటోంది నిజమే. పొద్దున పెద్దమ్మే వచ్చి దోసకాయ పప్పు చేసి, నెయ్యి వేసి కలిపి పెట్టింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.